గోడ మీద రెండేళ్లు, చేతిలో వెదురు కర్ర: కాన్పు తేదీల పట్టీ పని డైరీ

మా పంచాయతీ తిరుపతి జిల్లాలో తలకోన అడవి అంచున ఉంది. ఐదు పల్లెలు, ఒక అంగన్‌వాడీ. ఆసుపత్రికి వెళ్లాలంటే ముందు భాకరాపేట రోడ్డు ఎక్కాలి, పెద్ద ఆసుపత్రి అయితే కనుమ దిగి తిరుపతికి వెళ్లాలి. పని మొదలుపెట్టింది నలుగురం: ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, ఒకప్పుడు ఈ పల్లెలన్నిటికీ పురుళ్లు పోసిన మంత్రసాని అవ్వ, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయిన నేను. ఏ ఇంట్లో కాన్పు ఏ వారంలో వస్తుందో ముందే తెలియాలి, ఆ వారానికి బండి, డబ్బు, తోడు మనిషి సిద్ధంగా ఉండాలి. మేం పెట్టుకున్న పని అంతే. ఇంకో ఊరివాళ్లు మా తప్పులు మళ్లీ చేయకుండా ఉండడానికి ఈ డైరీ.

మొదటి దశ: చక్రం (మార్చి 2025). పనికిరాలేదు

కాన్పు తేదీ లెక్కకు మూలం చివరి నెలసరి మొదటి రోజు. దానికి 280 రోజులు కలపాలి. లెక్క నాలుగో తరగతి పిల్లలు కూడా చేస్తారు. చిక్కంతా ఆ మొదటి రోజు పట్టుకోవడంలోనే ఉంది. ఆశా అడిగితే "గుర్తులేదు" అంటారు. అవ్వ అడిగితే "కనుమ మర్నాడు", "శివరాత్రి జాగారానికి రెండు రోజుల ముందు" అని చెబుతారు. అంటే తేదీ ఉంది, మన క్యాలెండర్‌లో లేదు. అందుకే పండుగలు రాసిన చక్రం ఒకటి అట్టతో చేశాను.

మొదటి చక్రం వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు. చుట్టుకొలత 62.8 సెంటీమీటర్లు, దాన్ని 365తో భాగిస్తే రోజుకు 1.7 మిల్లీమీటర్లు. కళ్లద్దాలు పెట్టుకున్నా నాకే కనిపించలేదు. రెండోది 30 సెంటీమీటర్లతో చేశాను, రోజుకు 5 మిల్లీమీటర్లు దాటింది. చదవడానికి బాగానే ఉంది, కానీ చెప్పే తేదీ తప్పు.

ఏఎన్ఎం (పల్లెలకు వచ్చే ప్రభుత్వ నర్సు) ముగ్గురి తల్లీబిడ్డల కార్డులు తెచ్చి పోల్చి చూసింది. మూడింటిలోనూ నా చక్రం సరిగ్గా 14 రోజులు ముందుంది. మూడు జవాబులూ ఒకే అంత తప్పాయంటే తప్పు ఒక్కచోటే ఉందని అర్థం, కాబట్టి వెతకడం తేలికయింది. "తొమ్మిది పున్నములు నిండాలి" అని అవ్వ చెప్పిన మాటను తీసుకుని నెలసరి రోజు నుంచి తొమ్మిది చాంద్రమాసాలు లెక్కపెట్టాను. చాంద్రమాసం 29.53 రోజులు, తొమ్మిదింతలు చేస్తే 266. కావలసింది 280. అవ్వ లెక్కపెట్టేది నెలసరి నుంచి కాదు, కడుపు నిలిచిన రోజు నుంచి. అది సుమారు 14 రోజుల తరువాత. 266కు 14 కలిపితే 280. అవ్వ లెక్క తప్పలేదు, నేను మొదలుపెట్టిన చోటు తప్పింది. ముప్పై ఏళ్లు పిల్లలకు "ప్రశ్న పూర్తిగా చదవండి" అని చెప్పినదాన్ని కదా, ఆ రోజు కొంచెం సిగ్గేసింది.

చక్రం మీది బాణం సరిచేయవచ్చు. అయినా చక్రాన్ని వదిలేశాం. కారణం పండుగలే. వినాయక చవితి 2024లో సెప్టెంబరు 7న వచ్చింది, 2025లో ఆగస్టు 27న. దీపావళి ఒక ఏడు అక్టోబరు 31, మరుసటి ఏడు అక్టోబరు 20. గుండ్రంగా తిరిగే చక్రంలో రెండేళ్ల పండుగలు ఇమడవు.

*ఇంతవరకు ఖర్చు: అట్టలు, జిగురు, రంగులకు 310 రూపాయలు. పనికొచ్చినది: ఏమీ లేదు.*

రెండో దశ: పట్టీ, కర్ర (ఏప్రిల్)

చక్రాన్ని కోసి సాగదీస్తే పట్టీ అవుతుంది. అంగన్‌వాడీ గోడ 4.1 మీటర్లు. రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున 730 రోజులకు 3.65 మీటర్లు చాలు. 2024 జూలై 1 నుంచి 2026 జూన్ 30 వరకు పెట్టాం. జనవరి నుంచి మొదలుపెడదామని అంగన్‌వాడీ టీచరు అన్నది. అలా చేస్తే అప్పటికే కడుపుతో ఉన్నవాళ్లలో సగం మంది నెలసరి తేదీలు పట్టీకి బయటే ఉండిపోతాయి.

1. తేదీలు నల్లగా, పండుగలు ఎర్రగా, ప్రతి నెలా 9వ తేదీ నీలంగా అచ్చు వేయించండి. 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు ఉంటాయి, ఆ గీత వాళ్లకు దూరం నుంచే కనిపించాలి.
2. 140 సెంటీమీటర్ల వెదురు కర్ర కోయండి. 280 రోజులు, రోజుకు అర సెంటీమీటరు.
3. కర్ర ఎడమ కొన నెలసరి తేదీ మీద పెట్టండి. కుడి కొన ఉన్నచోట కాన్పు తేదీ.
4. కర్ర మీద గాట్లు పెట్టండి. 42 సెంటీమీటర్లు: ఆ లోపు పేరు నమోదు, మొదటి పరీక్ష. 49 నుంచి 91: రెండో పరీక్ష. 98 నుంచి 119: మూడోది. 126 దాటాక: నాలుగోది.
5. 129.5 దగ్గర ఎర్ర దారం చుట్టండి. అక్కడికి 37 వారాలు నిండుతాయి. అక్కడి నుంచి ఏ రోజైనా కాన్పు రావచ్చు. లెక్క చెప్పిన తేదీకే పుట్టే పిల్లలు వందకు నలుగురైదుగురే. అందుకే మేం తేదీ అనడం మానేసి "దారం దాటింది" అనడం మొదలుపెట్టాం.

కర్రకు మొదటి పరీక్ష: నెలసరి కనుమ నాడు, 2025 జనవరి 15. చేతి లెక్క ప్రకారం కాన్పు అక్టోబరు 22, అంటే దీపావళి అయిన రెండో రోజు. కర్ర అక్టోబరు 26 చూపించింది.

ఈసారి లెక్క తప్పలేదు. టేపు పెట్టి కొలిస్తే పట్టీ 365 సెంటీమీటర్లు లేదు, 360 ఉంది. ఫ్లెక్స్ వేసినతను రోల్‌కు సరిపోయేలా కుదించాడు. రోజుకు 4.93 మిల్లీమీటర్లు అయింది, 140 సెంటీమీటర్ల కర్ర దాని మీద దాదాపు 284 రోజులు కొలుస్తుంది. మళ్లీ అచ్చు వేయిస్తే మళ్లీ 270 రూపాయలు. కర్ర కోయడానికి ఖర్చు లేదు. 138.1 సెంటీమీటర్లకు కోసి, గాట్లన్నీ అదే నిష్పత్తిలో జరిపాను. పైన ఇచ్చిన కొలతలు పట్టీ సరిగా వచ్చినవాళ్లకు. మీ పట్టీ మొదటి తేదీ నుంచి చివరి తేదీ వరకు ముందు కొలవండి, ఆ తరువాతే కత్తి పట్టుకోండి.

ఏఎన్ఎం ఒక షరతు పెట్టింది, మేం ఒప్పుకున్నాం. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్‌కూ కర్రకూ వారం కంటే ఎక్కువ తేడా వస్తే స్కానింగ్ తేదీయే లెక్క. డాక్టరు కార్డు మీద రాసిన తేదీని కర్ర మార్చదు. కర్ర ఊరికి మాత్రమే.

*ఇంతవరకు ఖర్చు: 580 రూపాయలు. ఆశా పుస్తకంలో గర్భిణులు: 9. గోడ మీద: 0.*

మూడో దశ: పేర్లు, గాజులు, పసుపు కొమ్ములు (మే, జూన్)

ఆ సున్నాకు కారణం నేనే. ప్రతి కాన్పు తేదీ దగ్గరా మేకు కొట్టి, పేరు రాసిన అట్టముక్క తగిలిద్దామన్నాను. మొదటి రోజే ఒక అత్తగారు వచ్చింది. "టీచరమ్మా, నా కోడలి కడుపు సంగతి గోడకెందుకు? మూడో నెల నిండేదాకా మేం పొయ్యికి కూడా చెప్పుకోం" అన్నది. దిష్టి భయం ఒకటి. నిలవకపోతే ఊరంతా పరామర్శకు వస్తుందన్న భయం ఇంకొకటి, అది అంతకంటే పెద్దది. ఆమెను ఒప్పించాలని పది నిమిషాలు మాట్లాడాను. వెళ్లిపోయాక ఆశా చిన్నగా అన్నది: "నా పేరైతే నేనూ రాయనివ్వను మేడం."

పేర్లు తీసేశాం. అంకెలు పెట్టాం. రెండు రోజుల్లో ఏ అంకె ఎవరిదో ఊరంతటికీ తెలిసిపోయింది, మా పల్లెల్లో రహస్యాల ఆయుష్షు అంతే. తరువాత అంగన్‌వాడీ టీచరు గాజుల ఆలోచన చేసింది. డజను రంగురంగుల గాజులు ఒక డబ్బాలో పెడతాం, ఎవరికి నచ్చిన గాజు వాళ్లు తీసుకుంటారు, ఆశా ఒక్కతే ఉన్నప్పుడు తగిలిస్తుంది. సీమంతం గుర్తుకొస్తుంది, అందంగా ఉంటుంది. ఒక్క వారంలో నాలుగు గాజులు ఎక్కాయి.

పట్టీని నేల నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తులో కట్టామని ఇక్కడ చెప్పాలి. అంగన్‌వాడీ పిల్లలు కుర్చీ ఎక్కితే చేతికి అందే ఎత్తు. తొమ్మిదో రోజున ఆకుపచ్చ గాజు కింద పడి పగిలింది. గర్భిణి పేర తగిలించిన గాజు పగలడం! ఏ రంగు గాజు పగిలిందో ఊళ్లో సరిగా తెలియక నలుగురూ తమదే అనుకున్నారు. మిగిలిన మూడూ ఆ సాయంత్రమే దిగిపోయాయి. అవతలి పల్లెలో ఒకామె చెకప్‌కు కూడా రానన్నది. ఈ ప్రాజెక్టులో మాకు అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇదే. దీన్ని లెక్కతో సరిచేయలేకపోయాం.

అవ్వ నలుగురి ఇళ్లకూ వెళ్లింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. తిరిగి వచ్చి, "పగలనిది పెట్టండి, ఎవరికి వాళ్లను తెచ్చుకోనివ్వండి" అన్నది. అలా పసుపు కొమ్ములు వచ్చాయి. మార్చినవి ఇవి:

1. పట్టీని 160 సెంటీమీటర్ల ఎత్తుకు లేపాం.
2. కొమ్మును ఆ ఇంటివాళ్లే తెచ్చి దారం కడతారు. మేం ఇవ్వం.
3. తగిలించే చెయ్యి అత్తగారిది లేదా అమ్మది. కర్ర పెట్టి తేదీ చూపించడం వరకే మా పని.
4. మూడో నెల నిండాకే గోడ మీదికి. అంతవరకు ఆశా పుస్తకంలోనే. ఊరికి ఆలస్యంగా తెలిసినా నష్టం లేదు, మొదటి పరీక్ష మాత్రం 12 వారాల లోపే జరగాలి.
5. కాన్పయ్యాక కొమ్మును ఇంటికి తీసుకువెళతారు.

మూడో నియమం వల్ల మేం ఊహించనిది జరిగింది. తన చేత్తో తగిలించిన అత్తగారు పాలప్యాకెట్టుకు, గుడ్లకు వచ్చినప్పుడల్లా కొమ్ము వంక చూస్తుంది. "ఇంకెన్ని వేళ్లు ఉంది?" అని కొలుస్తుంది. నేను తేదీలు పెట్టుకున్నాను, వాళ్లు వేళ్లు పెట్టుకున్నారు. వేళ్లే ఎక్కువ పనిచేశాయి.

జూన్ చివర ఒక కొమ్ము దిగింది. నాలుగో నెల. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో మేం అడగలేదు. ఆశా మాత్రం ఆ ఇంటికి నాలుగుసార్లు వెళ్లింది. మేకు అలాగే ఉంచాం.

*ఇంతవరకు ఖర్చు: గాజులు 60, మేకులు 40, మొత్తం 680 రూపాయలు. గోడ మీదికి ఎక్కిన కొమ్ములు: 8. దిగినవి: 1.*

నాలుగో దశ: పుట్టింటి లెక్క (జూలై)

లెక్క సరిపోవడం లేదు. దారం దాటిన ఇద్దరి ఇళ్లకు వెళితే తాళం. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారమని తెలిసీ పట్టీలో దానికి చోటు పెట్టలేదు. ఒకమ్మాయి వేలూరు దగ్గర పుట్టింటికి వెళ్లింది, అక్కడి ఆశాకు ఈమె సంగతి తెలియదు. అలాగే పురిటికని మా ఊరి పుట్టిళ్లకు వచ్చిన ఆడపడుచులు ఇద్దరు ఎవరి పుస్తకంలోనూ లేరు. ఒకామెకు ఎనిమిదో నెల, హిమోగ్లోబిన్ 8.4, అంటే రక్తహీనత. ఆ అంకె ఆమె కార్డులో ఉంది, కార్డు అత్తగారింట్లో బీరువాలో ఉంది.

మార్పు చిన్నది. వెళ్లేవాళ్ల కొమ్ముకు తెల్ల దారం, వచ్చినవాళ్లకు పచ్చ దారం. వెళ్లే రోజున కార్డు సంచిలో ఉందో లేదో చూడడం అత్తగారి పని, అక్కడి ఆశాకు ఫోను చేయడం మా ఆశా పని. ఇది మొదట్లోనే చేసి ఉండాల్సింది.

రక్తహీనత ఉన్నవాళ్లకు ఎర్ర దారం కడదామని కూడా అనుకుని మానేశాం. కొమ్ము ఎవరిదో ఇప్పుడు అందరికీ తెలుసు, జబ్బు కూడా తెలియాల్సిన పని లేదు. ఐరన్ మాత్రల గురించి రాయడానికి పెద్దగా లేదు: 180 రోజులు రోజుకొకటి, క్యాల్షియంతో కలిపి వేసుకోకూడదు, వేసుకున్న వెంటనే కాఫీ, టీ వద్దు, మలం నల్లగా వస్తే భయపడకూడదు. మాత్రలు మింగారా అని అడగడం మానేసి ఖాళీ షీట్లు తెమ్మన్నాం. అంతే.

*ఇంతవరకు ఖర్చు: దారాలు 20, మొత్తం 700 రూపాయలు. ఎక్కిన కొమ్ములు: 13. తెల్ల దారం: 3. పచ్చ దారం: 2.*

ఐదో దశ: అర్ధరాత్రి పరీక్ష (ఆగస్టు)

అంగన్‌వాడీ తలుపు మీద 108, దాని కింద మూడు ఆటోల నంబర్లు రాసి ఉన్నాయి. అందరికీ ధైర్యంగా ఉంది. ఒక బుధవారం రాత్రి 1:40కి, ఎవరికీ చెప్పకుండా, కొండ కింది కాలనీ నుంచి పరీక్ష పెట్టాం.

కాలనీలో సిగ్నల్ లేదు. సిగ్నల్ దొరికే చింతచెట్టు దాకా టార్చి వేసుకుని నడక 11 నిమిషాలు. మొదటి ఆటో ఫోను స్విచాఫ్. రెండో అతను టమాటాలు వేసుకుని మదనపల్లె మార్కెట్టుకు పోయాడు. మూడో అతను నిద్ర లేచి మర్యాదగా మాట్లాడాడు, బండిలో డీజిల్ లేదన్నాడు. తెల్లవారే బంకు తెరుస్తారట. తలుపు మీది మూడు నంబర్ల విలువ ఇది.

108 జాబితాలో మొదటి నంబరే. అది కాలనీ దాకా రాలేని మట్టిదారి 3.2 కిలోమీటర్లు ఉంది, ఎదురెళ్లడానికి మాకు బండి కావాలి. కొలతలు ఇవి: కాలనీ నుంచి తారురోడ్డుకు ఆటోలో పగలు 14 నిమిషాలు, రాత్రి 19, వాన పడ్డాక 31. వాన కొలత కోసం ఒకరోజు ప్రత్యేకంగా ఆగి చూశాం.

1. నంబర్ల జాబితా చెరిపేశాం. దాని బదులు వారానికొక డ్రైవరు: ఆ వారం రాత్రి బండి ఊళ్లోనే ఉండాలి, మార్కెట్టు బాడుగ ఒప్పుకోకూడదు.
2. మహిళా సంఘాల వాళ్లు 1,500 రూపాయలతో ఒక నిధి పెట్టారు. డ్యూటీ వారం మొదట్లోనే డీజిల్‌కు ఇస్తారు. బండి కదలకపోతే ఆ డీజిల్ అతనిదే. ఇక్కడ నేను పొదుపు చేయమని వాదించి ఓడిపోయాను. ఓడిపోవడమే మంచిదయింది.
3. ఎవరి కొమ్మయినా దారం దాటితే, ఆ ఇంటి మనిషి ఒకరు రాత్రిళ్లు చింతచెట్టు దగ్గరి బంధువుల ఇంట్లో పడుకుంటారు. ఈ ఆలోచన కాలనీ ఆడవాళ్లదే.
4. తిరుగు ప్రయాణానికి 102, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్. ఆసుపత్రి నుంచి పంపే రోజున అక్కడే అడగాలి, ఇంటి నుంచి కాదు.

సెప్టెంబరులో రెండో పరీక్ష: ఫోను చేసిన క్షణం నుంచి తారురోడ్డు మీదికి 34 నిమిషాలు. మొదటిసారి ఎంతో చెప్పలేను, ఎందుకంటే మొదటిసారి రోడ్డు మీదికి చేరనేలేదు.

*ఇంతవరకు ఖర్చు: డీజిల్ నిధితో కలిపి 2,200 రూపాయలు.*

ఆరో దశ: పురిటి గది, కాటా (సెప్టెంబరు, అక్టోబరు)

ఆసుపత్రిలో కాన్పయితే ఆశా ఆరుసార్లు ఇంటికి వెళ్లి చూడాలి: 3, 7, 14, 21, 28, 42 రోజులకు. దానికి 21 సెంటీమీటర్ల చిన్న పుల్ల చేశాం. (మా పట్టీ మీద 20.7.) పుల్ల బాగుంది. గది తలుపే తెరుచుకోలేదు. పదకొండో రోజు స్నానమయ్యేదాకా పురిటి గదిలోకి బయటి మనిషి రాకూడదు, బిడ్డను తాకకూడదు. మొదటి మూడు కాన్పుల్లో మూడో రోజు బరువు చూడగలిగింది ఒక్క బిడ్డకే. ఆశా రెండు గుమ్మాల దగ్గర నిలబడి తిరిగి వచ్చేసింది.

కాటా సంగతి వేరే. ఆశా కిట్లో ఉన్న వేలాడే స్ప్రింగ్ కాటాకు లీటరు నీళ్ల సీసాలు రెండు కట్టి చూశాను. లీటరు నీళ్లు కిలో, సీసా ఇరవై ముప్పై గ్రాములు. కాటా 2.25 చూపించింది. తప్పు కాటాది కాదు, ఉయ్యాల గుడ్డది. తడిగుడ్డ బరువు కూడా బిడ్డ ఖాతాలో పడుతోంది. 2.5 కిలోల లోపు పుట్టిన బిడ్డను మరింత జాగ్రత్తగా చూడాలి. గుడ్డ బరువుతో 2.4 కాస్తా 2.6 అయితే ఆ బిడ్డ లెక్కలోంచి జారిపోతుంది. అందుకని: పొడిగుడ్డ తగిలించి, సున్నా మరను తిప్పి సున్నాకు తెచ్చి, ఆ తరువాత బిడ్డ. వారానికొకసారి రెండు సీసాల పరీక్ష.

తలుపుకు మందు మళ్లీ అవ్వే చెప్పింది. లోపలున్నది అమ్మమ్మో నానమ్మో కదా, కాటా ఆమె చేతికే ఇవ్వమంది. ఎనిమిదో నెలలోనే ఆ పెద్దామెను అంగన్‌వాడీకి పిలిచి, నీళ్ల సీసాలతో మూడుసార్లు తూకం వేయించాం. కాన్పయ్యాక ఆశా గుమ్మం బయట కూర్చుంటుంది, లోపల నానమ్మ తూచి ముల్లు ఎక్కడుందో చెబుతుంది. జ్వరం చూడడం, బొడ్డు చూడడం, పాలు పట్టుకుంటోందో లేదో చెప్పడం కూడా ఆమే. తరువాతి నాలుగు కాన్పుల్లో నలుగురు బిడ్డలకూ మూడో రోజు బరువు వచ్చింది. మూడో ఇంట్లో నానమ్మే "లోపలికి రా అమ్మా, చీర మార్చుకుని రా చాలు" అన్నది.

కానీ కాటా నానమ్మ చేతికి వెళ్లాక కొత్త చిక్కు. ఒక బిడ్డ పుట్టినప్పుడు 2.8 కిలోలు, నాలుగో రోజు 2.6. "తల్లి పాలు చాలడం లేదు" అని ఆ సాయంత్రమే ఆవుపాలలో నీళ్లు కలిపి పట్టారు. పుట్టిన మొదటి రోజుల్లో నూటికి పది వంతుల దాకా బరువు తగ్గడం మామూలే, రెండు వారాల్లో తిరిగి వస్తుంది. ఈ బిడ్డకు తగ్గింది ఏడు వంతులు. మేం కాటా నేర్పాం, తగ్గుతుందని ముందు చెప్పలేదు. ఆశా రెండు రోజులు కూర్చుని బిడ్డను మళ్లీ రొమ్ముకు అలవాటు చేసింది. పద్నాలుగో రోజు 2.85. ఇప్పుడు చిన్న పుల్ల మీద మొదటి వారానికి కిందికి చూసే బాణం గీశాం, తూకం నేర్పేటప్పుడు మొదటి మాట అదే. పదో వంతు మించి తగ్గినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు బాణం చూసుకుని కూర్చోకూడదు.

*ఇంతవరకు ఖర్చు: గుడ్డ, సీసాలు, తాడు 120, మొత్తం 2,320 రూపాయలు.*

ఏడో దశ: కర్ర కిటికీలోకి పోయింది (నవంబరు)

కొత్తగా నెల తప్పిన ఒకమ్మాయికి కర్ర పెడితే కుడి కొన పట్టీ దాటి కిటికీ చువ్వల మధ్యకు పోయింది. పట్టీ 2026 జూన్ 30తో ఆగుతుంది. 280 రోజులు వెనక్కు లెక్కపెడితే 2025 సెప్టెంబరు 23. ఆ తరువాత నెలసరి వచ్చిన ఎవరికీ మా గోడ మీద కాన్పు తేదీ లేదు. రెండేళ్ల పట్టీ నిజానికి పదిహేను నెలలకే పనికొస్తుంది. మొదలుపెట్టిన రోజే ఈ తీసివేత చేసి ఉండవచ్చు.

నవంబరు 30 నాటి లెక్క: ఎక్కిన కొమ్ములు 17, దిగినది 1, కాన్పులు 11, గోడ మీద ఇంకా 5. పదకొండు కాన్పుల్లో నాలుగు తెల్ల దారాలు, ఏడు ఇక్కడివి. ఇక్కడి ఏడింటిలో రెండు రాత్రిపూట వచ్చాయి, రెండుసార్లూ డ్యూటీ ఆటోయే కదిలింది. కర్ర చెప్పిన రోజుకు అటూ ఇటూ వారంలో వచ్చిన కాన్పులు ఏడు. మూడు అంతకంటే ముందు, అందులో ఒకటి దారం కూడా దాటకముందే. ఒకటి తొమ్మిది రోజులు ఆలస్యం.

డిసెంబరు పని:

1. 2025 జూలై నుంచి 2027 జూన్ వరకు కొత్త పట్టీ. పాతదాని కిందే కట్టాలి, ఐదు కొమ్ములూ అత్తగార్ల చేతే దింపించి కిందికి మార్పించాలి.
2. కొన దగ్గర కర్రకు పురుగు పడుతోంది. 3 మిల్లీమీటర్లు అరిగింది, అంటే అర రోజు పైనే. కొత్త కర్రకు వేపనూనె పూయాలి.
3. పక్క పంచాయతీ వాళ్లు మా కర్ర కొలత తీసుకుని వెళ్లారట. 138.1 మా పట్టీకే సరిపోతుందని ఈ వారమే కబురు చేయాలి.
4. ఫ్లెక్స్ షాపుకు టేపు వెంట తీసుకుని వెళ్లాలి, అక్కడే కొలిచి డబ్బు ఇవ్వాలి.